ఆఖరి ముడి విప్పేదాకా

రోజు 301

ఈ పుస్తకంలో అచ్చుతప్పులుంటే అవి పుస్తకానివి. కోపం ఉంటే అది నాది. నేను మాట్లాడితే ఇది రాసుకుంటుంది, నా మాటల్ని బడి భాషలోకి దిద్దుకుంటుంది కూడా. దిద్దుకోనీ. పై రెంటచింతలలో ప్రతి బుడగింట్లోనూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండాలని రూలు. గాలి ఎటు, గ్యాసు ఎంత, తాడు ఎలా ఉంది, రోజూ చెప్పాలి.

చెబుతున్నాను. గాలి పడమర నుంచి. గ్యాసు ముప్పావు. తాడు సంగతి పున్నయ్యనడగాలి, అది అతని పని. కింద నేల మీద యాభై రెండు డిగ్రీలు, ఇక్కడ నలభై మూడు. ఆ తొమ్మిది డిగ్రీల కోసమే మనుషులు ఇళ్ళకు బుడగలు కట్టుకుని పైకొచ్చారు.

నా పేరు నాంచారి, వయసు ఇరవై ఏడు. మజ్జిగ కొట్లో కుండలు బుట్టల్లో పెట్టి ఇళ్ళకు పంపుతాను. నాతో రాహేలు ఉంటుంది, ఇరవై మూడు, ఇస్త్రీ కొట్లో బట్టలు మడతపెడుతుంది. కనిపించిన ప్రతిదాన్నీ లెక్కపెట్టడం దానికి సరదా. పున్నయ్యకు ఇరవై అయిదు, పూలకొట్లో మాలలు కడతాడు. ముగ్గురి కార్డుల మీదా ఒకటే మాట ఉంటుంది: నిదానంగా నేర్చుకుంటారు. నిదానమే ప్రధానమని బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించినవాళ్ళే మా కార్డు చూసి మొహం అదోలా పెడతారు.

మా చిక్కు ఇదీ. ఒక ఇల్లు నాకు పూర్తిగా రావడానికి పదకొండు నెలలు పడుతుంది. ఈ ఊళ్ళో అద్దె అగ్రిమెంటు కూడా పదకొండు నెలలే. ఏ స్విచ్చి ఎక్కడుందో చేతికి అలవాటయ్యేసరికి మూటాముల్లె సర్దుకోవాలి. ఇది నాలుగో ఇల్లు. ప్రతి ఇంట్లోనూ వంటగది దీపం ఒక్కో చోట పెట్టారు మహానుభావులు. ఈ ఇంట్లో దీపం స్విచ్చి పక్కనే గ్యాసు వదిలే పిడి ఉంది. వచ్చిన పన్నెండో రోజున దీపం వేయబోయి పిడి లాగాను. ఇల్లు మెల్లగా దిగి, ఇంటి ఓనరు సైదమ్మగారు ఎండబెట్టుకున్న వడియాల మీద కూర్చుంది. ఆమె ఇప్పటికీ ఆ వడియాల సంగతి ఎత్తుతుంది. ఇన్నాళ్ళకు మూడుసార్లలో రెండుసార్లు దీపమే వెలుగుతోంది. ఇంకో ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి.

రోజు 304

ఈ రోజు గురువారం. అంటే విశ్రాంతమ్మక్క వచ్చే రోజు. మమ్మల్ని చూసుకునే సంస్థ నుంచి వారానికొకసారి వస్తుంది. పేరు విశ్రాంతమ్మ, విశ్రాంతి మాత్రం ఎరగదు. మేం ఇంట్లో దిగిన రోజున గోడ మీద బొమ్మల పట్టీ అంటించింది ఆమే. పళ్ళు తోముకునే బొమ్మ, మాత్రల బొమ్మ, దీపాల వేళకు తాడు దగ్గరికెళ్ళే బొమ్మ, అన్నీ వరసగా ఉంటాయి. పట్టీలో ఏముంటే పున్నయ్య అది చేస్తాడు. వానొచ్చినా గాలొచ్చినా ఒక్క రోజు తప్పడు.

అక్కా నేనూ బుట్టలో కూర్చుని ఇళ్ళ వేటకు బయలుదేరాం. తీగ మీద బుట్ట జారుతుంటే కడుపులో గిలిగింతలు పెట్టినట్టుంటుంది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన చేస్తుంది. నేను కావాలనే బుట్ట ఊపుతాను.

మొదటి ఇంటాయన తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసి అక్కతో మాట్లాడాడు.

"పెద్దవాళ్ళెవరూ ఉండరా అమ్మా?"

"నేనే పెద్దదాన్ని. నాతో మాట్లాడండి," అన్నాను.

"ఎన్నాళ్ళకు కావాలి?"

"ఎప్పటికీ."

ఆయన దగ్గాడు. నీళ్ళిచ్చాం. మళ్ళీ దగ్గాడు. పన్నెండో నెల దాటితే గుంజ తమదేనని అద్దెకున్నవాళ్ళు అడ్డం తిరుగుతారని ఇక్కడి ఓనర్లందరికీ భయం. గుంజ అంటే ఇంటి తాడు కట్టే ఇనుప స్తంభం. అసలు ఆస్తి అదే, ఇల్లు ఉత్త బుడగ.

రెండో ఇంటావిడ పాపం పాపం అంటూ మా ఇద్దరికీ చెరో అరటిపండు ఇచ్చింది. అరటిపండు ఇచ్చింది గానీ ఇల్లు ఇవ్వలేదు. పండు బాగుంది, అందుకు నాకు ఇంకా కోపమొచ్చింది.

రోజు 311

ఈ వారం ఏడు ఇళ్ళు చూశాం. ఫోనులో అందరూ రండి రండి అంటారు. గుమ్మంలో మమ్మల్ని చూశాక మాత్రం ఇప్పుడే మా బావమరిదికి మాటిచ్చాం అంటారు. ఏడుగురిలో అయిదుగురు అదే మాట. ఈ ఊళ్ళో ఇళ్ళకంటే బావమరుదులే ఎక్కువున్నారు.

ఆఖరి ఇంట్లో నేను ఊరుకోలేదు. "అయితే ఆ బావమరిదిని ఒకసారి పిలవండి, చూసి పోతాం," అన్నాను. ఆయనకు బావమరుదులు లేరని లోపల్నుంచి వాళ్ళావిడే చెప్పింది. విశ్రాంతమ్మక్క నా జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. బుట్టలో కూర్చున్నాక ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

సైదమ్మగారినే అడుగుదామని దిగేటప్పుడు ఆమె గుమ్మం దగ్గర ఆగాను. ఆమె ఇల్లు నేల మీదే, మా గుంజ పక్కనే. ఎండకు మొండికేసి కిందే ఉండిపోయింది.

"పిన్నీ, మమ్మల్ని ఇక్కడే ఉండనివ్వవా?"

"నువ్వంటే నాకేం కోపం లేదు నాంచారీ. వడియాల సంగతి కూడా మర్చిపోయాననుకో. కానీ మా ఆయన ఉన్నప్పట్నుంచీ పదకొండే. పన్నెండంటే నాకు కళ్ళు తిరుగుతయ్యే పిల్లా, నేనేం చేసేది?"

రోజు 318

అక్క కాగితం తెచ్చింది. మూడొందల ముప్పయ్యో రోజుకు ఇల్లు దొరక్కపోతే నేను దాచేపల్లిలో మా అన్న దగ్గరికి, రాహేలు నేల మీద ఆడపిల్లల హాస్టలుకి, పున్నయ్య వాళ్ళ మేనమామ ఇంటికి. నాకు ఏడుపు ఆగలేదు. మా అన్న మంచివాడే. కానీ అక్కడ నేను అన్నం తిన్నానా లేదా అని అడుగుతారు తప్ప, ఈ పూట ఏం వండావని ఎవరూ అడగరు.

రాహేలు కాగితం తీసుకుని తిరగేసి చూసింది.

"ముగ్గురం కదక్కా. ఒకటీ, ఒకటీ, ఒకటీ కాదుగా," అంది.

అప్పుడే పడమటి గాలి లేచింది. ఇల్లు ఒక పక్కకు ఒరిగింది, పళ్ళేలన్నీ బల్ల మీద ఆ చివరికి జారాయి. రాహేలుకు ఇల్లు ఊగితే నవ్వాగదు. అది నవ్వడం మొదలుపెట్టింది. ఇల్లు ఇటు ఊగింది, పళ్ళేలు ఇటొచ్చాయి. పున్నయ్య వాటి వెనక పరిగెత్తి విశ్రాంతమ్మక్క ఒళ్ళో పడ్డాడు. అక్క ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో కిసుక్కుమంది. ఏడుస్తున్న నాకు ఎక్కిళ్ళూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. గాలి తగ్గేసరికి నలుగురం నేల మీద పడున్నాం. ఒక గ్లాసు పగిలింది. ఈ మనుషుల్ని వదిలి నేనెక్కడికీ పోను.

దీపాల వేళయిందని పున్నయ్య లేచి, బట్టలు దులుపుకుని, బుట్టలో తాడు దగ్గరికి దిగాడు.

రోజు 327

ఇళ్ళేమీ దొరకలేదు. ఇంకా ముగ్గురు బావమరుదులు తేలారు.

పొద్దున కింద నుంచి సైదమ్మగారి కేక వినిపించింది. గుంజ చుట్టూ చిన్న గది ఉంటుంది, తుఫానుకు వదలాల్సిన మిగులు తాడంతా అందులో చుట్టలు చుట్టి పెడతారు. ఖాళీ చేసే ముందు చూసుకుందామని ఆమె ఆ గది తలుపు తోస్తే తెరుచుకోలేదట. భుజంతో తోసినా రాలేదట. సందులోంచి చూస్తే లోపల గడ్డివాములాంటిదేదో ఉందట.

మేం ముగ్గురం దిగాం. పున్నయ్య తలుపును కొంచెం ఎత్తి పక్కకు నెట్టాడు. అది అలా తీయాలని అతనొక్కడికే తెలుసు. లోపల మా గుంజ కనపడలేదు. గుంజ ఉండాల్సిన చోట ముళ్ళున్నాయి. ముడి మీద ముడి, దాని మీద ముడి, నేల నుంచి కప్పు దాకా, పూలమాల కట్టినంత ఒద్దికగా పేర్చినట్టున్నాయి.

"ఇదేందయ్యా?" అంది సైదమ్మగారు.

"ముళ్ళు పిన్నీ," అన్నాడు పున్నయ్య.

"ముళ్ళని నాకూ కనపడతాందిలే. ఇన్నెందుకూ అని."

"రోజూ ఒకటి. పట్టీలో ఉంది."

అప్పుడు నాకు వెలిగింది. పట్టీలో దీపాల వేళ బొమ్మలో రెండు చేతులు తాడుకు ముడి వేస్తుంటాయి. విశ్రాంతమ్మక్క ఉద్దేశం ముడి సరిగ్గా ఉందో లేదో చూసి రమ్మని. పున్నయ్య బొమ్మలో ఉన్నది చేశాడు. నెలల తరబడి చేశాడు. మా ఊళ్ళో ఒకరి ముడి దగ్గరికి ఇంకొకరు పోవడం మర్యాద కాదు కాబట్టి నేనెప్పుడూ చూడలేదు.

కొత్తగా చదివేవాళ్ళకు ఇక్కడి పద్ధతి చెప్పాలి. ఇల్లు చేతులు మారాలంటే కాగితం చాలదు. పాతవాళ్ళు తమ ముడి విప్పాలి, కొత్తవాళ్ళు తమ ముడి వెయ్యాలి. ఎవరి ముడి వాళ్ళే వెయ్యాలి, వాళ్ళే విప్పాలి. వేరేవాళ్ళ ముడి మీద చెయ్యి వేస్తే వాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టే. ఇక తాడు కోయడమనే మాట చిన్నపిల్లల ముందు కూడా అనరు. ఒకప్పుడెవరో కోస్తే ఇల్లు మనుషులతో సహా కృష్ణ దాటి పోయిందట.

సైదమ్మగారు గుమ్మంలో కూర్చుని చెంగుతో విసురుకుంది. నాకు మాత్రం లోపల చిన్న ఆశ పుట్టింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు.

రోజు 330

తాళ్ళ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు ఎల్లమంద గారొచ్చారు. చంకలో లావుపాటి రూళ్ళ పుస్తకం. రాహేలు అప్పటికే లెక్కపెట్టేసింది.

"మూడొందల ఇరవై తొమ్మిది," అంది. "ఇవ్వాళ్టిది ఇంకా వెయ్యలేదు."

ఎల్లమంద గారు గది చుట్టూ రెండుసార్లు తిరిగారు. కోయకూడదు, ఇంకొకరు ముట్టకూడదు. ఇది ఎవరి వల్లా కాదని ఆయన అంటారని నేను ఆశపడ్డాను. ఆయన పున్నయ్య వైపు తిరిగి మర్యాదగా అడిగారు.

"బాబూ, ఇవి నువ్వు విప్పగలవా?"

"విప్పుతానండీ," అన్నాడు పున్నయ్య.

ఎవరేమడిగినా సరేననడం వాడి గుణం. పూలకొట్లో కూడా అంతే. "నీకు మతిగాని పోయిందా?" అన్నాను గట్టిగా. "ఒక్క పూట కాదని చెప్పడం రాదా నీకు?" వాడు నా వంక చూసి నవ్వి, చొక్కా చేతులు మడిచాడు. నాకు వాణ్ణి నాలుగు తన్నాలనిపించింది.

పైనున్న ముడి దగ్గర కూర్చున్నాడు. వేళ్ళతో నిమిరాడు. ఒక కొస తీశాడు, ఇంకో కొస వదులు చేశాడు. మల్లెమొగ్గలు నలక్కుండా మాల విప్పినట్టు విప్పాడు. అరగంట పట్టింది. వదులైన తాడును చుట్ట చుట్టి పక్కన పెట్టి, లేచి చేతులు కడుక్కున్నాడు.

"అయిపోయింది," అన్నాడు.

"మిగతావి?" అన్నారు ఎల్లమంద గారు.

"ఇవ్వాళ్టిది అయిపోయిందండీ. రేపటిది రేపు. రోజుకొకటే కదా కట్టింది."

ఎల్లమంద గారు పుస్తకం తిరగేసి, వేలు పెట్టి చదివారు. విప్పడం మొదలయ్యాక, పూర్తయ్యేదాకా ఇంట్లోవాళ్ళను కదిలించరాదు. సగం విప్పిన ఇంటికి ప్రమాదమట. ఎవరు రాశారో గానీ ఆ రూలు రాసినవాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

పైకొచ్చి అన్నం తిన్నాం. దీపాల వేళకు పున్నయ్య పట్టీ చూసి బుట్టలో దిగాడు, పావుగంటలో తిరిగొచ్చాడు.

"ఏం చేసొచ్చావు?" అని అడిగాను.

"ముడి," అన్నాడు.

రాహేలు నవ్వడం మొదలుపెట్టింది. గాలి కూడా లేదు.

రోజు 332

పొద్దున ఒకటి విప్పాడు. సాయంత్రం ఒకటి వేశాడు. నిన్నా అంతే. సైదమ్మగారు లెక్కపెట్టించింది: మూడొందల ఇరవై తొమ్మిది. రాహేలు లెక్క తప్పదు.

గురువారం కాబట్టి విశ్రాంతమ్మక్క వచ్చింది. సైదమ్మగారు ఆమెను గోడ దగ్గరికి లాక్కుపోయి బొమ్మ చూపించింది.

"ఇదంతా నీ నిర్వాకమే. పీకి పారెయ్ దాన్ని."

అక్క నుదురు కొట్టుకుంది. "ముడి చూసి రమ్మని చెబుదామనుకున్నానమ్మా. చూడమంటే కళ్ళు గియ్యాలి. నాకు కళ్ళు గియ్యడం రాదు. చేతులైతే వచ్చు."

"ఇప్పుడు పీకెయ్."

అక్క చెయ్యి బొమ్మ దాకా వెళ్ళింది. నేను కళ్ళు మూసుకున్నాను. బొమ్మ తీసేస్తే పున్నయ్య వెయ్యడం మానేస్తాడు, పదకొండు నెలల్లో అన్నీ విప్పేస్తాడు. మళ్ళీ అదే పదకొండు. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను అంటించింది నేనే తియ్యాలి గదా సైదమ్మగారూ," అంది. "తీస్తాను. ఏదో ఒక గురువారం తీస్తాను. ఇవ్వాళ నాకు చెయ్యి నొప్పిగా ఉంది."

అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, కుండెడు మజ్జిగ ఒక్క చేత్తో ఎత్తే మనిషి, చెయ్యి నొప్పి అంటూ కాఫీ పెట్టమంది.

రోజు 345

ఇప్పుడు రోజూ ఇదే తంతు. పొద్దున్నే సైదమ్మగారు ముక్కాలిపీట తెచ్చుకుని గది ముందు కూర్చుంటుంది, పున్నయ్య మోసం చేస్తాడేమోనని. వాడు విప్పుతుంటే చూస్తుంది. మొదట్లో తిడుతూ చూసేది. తర్వాత ఊరికే చూసింది. మొన్న, "ఆ కొస కాదయ్యా, ఇటు పక్కది లాగు," అంది. నిన్న చెంగు కింద దాచి అయిదు వడియాలు తెచ్చింది.

"ఉత్తినే తెచ్చాలే. వేయించుకు తినండి. మీద కూర్చోబాకండి," అంది.

సాయంత్రం ముడి వేసేటప్పుడు కూడా ఉండాలి కదా, అందుకని మధ్యాహ్నం మా ఇంట్లోనే ఆగుతోంది. మొదటిసారి పైకొచ్చిన రోజు కిటికీ పట్టుకుని వణికింది. ఇప్పుడు ఇల్లు ఊగితే పళ్ళేలు పట్టుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. రాహేలు ఆమెకు లెక్క నేర్పుతోంది. ఈమె తొందరపడి ప్రతిసారీ వంద దగ్గర తప్పుతోంది. "నిదానంగా పిన్నీ, తొందరేముంది," అంటుంది రాహేలు. ఆ మాట మాకు ఎంతమంది చెప్పారో, మేం ఇంకొకరికి చెప్పడం ఇదే మొదటిసారి.

మమ్మల్ని మూడు చోట్లకు పంపే పాత కాగితం విశ్రాంతమ్మక్క సంచిలోనే ఉంది. ముళ్ళ సంగతి తేలేదాకా ఆగుతామని సంస్థవాళ్ళు అన్నారట. ఆగడమంటే ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. సైదమ్మగారు కోర్టుకు పోతే ఏమవుతుందో కూడా తెలియదు. నాకు రోజూ పొద్దున్న లేవగానే భయం వేస్తుంది. భయం వేసినప్పుడు కోపం వస్తుంది. ఈ రోజు పొద్దున కోపంలో దీపం వేయబోయి మళ్ళీ పిడి లాగాను. నాలుగు గజాలు దిగాం. కింద సైదమ్మగారు వడియాల చాప లాక్కుని పరిగెత్తడం కిటికీలోంచి చూశాను. ఆ వయసులో ఆ పరుగేమిటో.

రోజు 361

మధ్యాహ్నం. సైదమ్మగారు మా ఇంట్లో గోంగూర పచ్చడితో అన్నం తింటోంది. మూడో వాయి. రాహేలు వేళ్ళు మడుస్తూ మడుస్తూ ఆగింది.

"పిన్నీ, పన్నెండో నెల నిన్నటితో అయిపోయింది."

ఆమె చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. విశ్రాంతమ్మక్క కూడా ఆ పూట అక్కడే ఉంది, గ్లాసు కింద పెట్టింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఇవ్వాళ పదమూడో నెల."

"కళ్ళు తిరుగుతున్నాయా పిన్నీ?" అన్నాడు పున్నయ్య, నిజంగానే కంగారుపడి. నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టాడు.

ఆమె ఇటు చూసింది, అటు చూసింది. నేల మీద అరచెయ్యి ఆనించి చూసుకుంది. ఇల్లు కొంచెం ఊగింది.

"లేదే," అంది, తనకే ఆశ్చర్యంగా. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. "ఏమీ తిరగట్లా. ఇన్నేళ్ళూ ఉత్త పుణ్యానికి భయపడ్డానంటావా?"

ఆమె చెయ్యి కడుక్కొచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇంతకుముందు ఇంటి మాటలన్నీ విశ్రాంతమ్మక్కతోనే మాట్లాడేది.

"నాంచారీ, నాకా ముళ్ళు విప్పించుకునే ఓపిక లేదు. ఎల్లమందని పిలు. కొత్త కాగితం రాసుకుందాం. ఎన్నాళ్ళకని రాయమంటావు?"

ఎప్పటికీ అని చెప్పాలనుకున్నాను. కానీ ముందు ఎల్లమంద గారికి ఫోను చేశాను.

ఎల్లమంద గారు వచ్చేసరికి దీపాల వేళయింది. బల్ల మీద కాగితం పరిచి, కాలం అన్న చోట కలం ఆపారు. కింద పున్నయ్య ముడి వేస్తున్నాడు. తాడు కదిలినట్టు ఇంటి నేలలో చిన్న జరజర తెలుస్తోంది.

"ఆఖరి ముడి విప్పేదాకా అని రాయి," అంది సైదమ్మగారు.

ఎల్లమంద గారు కళ్ళజోడు మీదుగా ఆమెను చూశారు. "అమ్మా, అది ఎప్పటికవుతుందో ఆలోచించే చెబుతున్నారా?"

"నాకూ లెక్క నేర్పింది ఈ పిల్ల. రాయి."

రాశారు. నేను సంతకం పెట్టాను. నా సంతకం మెల్లగా అవుతుంది, అందరూ ఆగారు. విశ్రాంతమ్మక్క సంచిలోంచి పాత కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఊగే బల్ల కాలి కింద పెట్టింది. బల్ల ఊగడం ఆగింది.

రోజు 362

గాలి దక్షిణం నుంచి. గ్యాసు నిండుగా ఉంది. తాడు, మూడొందల ఇరవై తొమ్మిది ముళ్ళు.

పూలకొట్టు నుంచి వచ్చేటప్పుడు బుట్టలో పున్నయ్యనడిగాను. కింద ఊరంతా తిరుగుతూ కనిపిస్తోంది, వాడి ఒళ్ళో మిగిలిన కనకాంబరాలున్నాయి.

"నిజం చెప్పు. తెలిసే చేశావా?"

వాడు కాసేపు పూలు సర్దాడు. "రోజూ ఒకటి విప్పి ఒకటి కడితే ఎప్పటికవుద్దక్కా?"

"నాకు లెక్కలు రావు."

"నాకూ రావు," అని నవ్వాడు.

పైన కిటికీలోంచి రాహేలు తల బయటపెట్టి చూస్తోంది. దాని చెవులు పాముచెవులు. "అవదు," అని అరిచింది.

ఇంట్లోకి వచ్చాను. ఇద్దరూ నన్ను చూసి నవ్వుతుంటే ఒళ్ళు మండి, వాళ్ళను తిడుతూనే బియ్యం కడుగుదామని వంటగదిలోకి వెళ్ళి, చూడకుండా చెయ్యి చాచాను. దీపం వెలిగింది.